మా అక్క పామర్రు దాటింది

కడుపునొప్పి విషయంలో బందరు మొత్తం మీద నన్ను మించినవాళ్ళు లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేశాను. మొదట గుడివాడలో, తర్వాత దివిసీమలో, చివరికి బందరులో. పొట్ట పట్టుకుని గేటు లోపలికి వస్తున్న మనిషిని దూరం నుంచి చూసే ఇతనిది రాయి, ఇతనిది పుండు, ఇతనిది నిన్నటి పెళ్ళిభోజనం అని చెప్పేసేదాన్ని. రాయి నొప్పివాడు ఒకచోట నిలవలేడు. లేస్తాడు, కూర్చుంటాడు, గోడ పట్టుకుంటాడు. లోపల ఏదో పగిలి చీము పట్టినవాడు కదలనే కదలడు. మంచానికి మన మోకాలు తగిలినా కేక పెడతాడు. నేను చెప్పినవి చాలాసార్లు నిజమయ్యాయి. కానివాటిని గుర్తుపెట్టుకోలేదు.

ఈ విద్య నాకు గుడివాడలో మా పెద్ద సర్జన్ గారు నేర్పారు. ఆయన పొట్ట ముట్టుకునేముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. చల్లటి చెయ్యి తగిలితే బాగున్న పొట్ట కూడా బిగుసుకుంటుందనేవారు. నొప్పి ఎక్కడుందో అడిగి, అక్కడ కాకుండా ఎదురుమూల నుంచి నొక్కడం మొదలుపెట్టేవారు. నొక్కుతున్నంతసేపూ పొట్ట వైపు చూసేవారు కాదు.

"చెయ్యి పొట్ట మీద, కళ్ళు మొహం మీద ఉండాలమ్మా. నోరు అబద్ధం చెప్తుంది. పొట్ట కూడా ఒక్కోసారి చెప్తుంది. మొహానికి చేతకాదు," అనేవారు.

ఆయన ప్రశ్నలు కూడా నొప్పితో మొదలయ్యేవి కావు. రాత్రి ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, పొద్దున్నే ఆకలేసిందా, విరోచనం అయిందా, ఎక్కడ పడుకున్నావు. ఆ చివరి ప్రశ్న ఎందుకో దివిసీమ వెళ్ళాకే నాకు తెలిసింది. అక్కడ తెల్లవారుజామున కడుపు మెలిపెడుతోందని వచ్చినవాడు రాత్రి నేల మీద పడుకున్నాడంటే ముందు కనురెప్పలు చూడాలి. కట్లపాము కాటు పెద్దగా కనిపించదు, మంటా పుట్టదు. రెప్పలు వాలుతున్నాయంటే ఇంక గ్యాసు మాట ఎత్తకూడదు.

గ్యాసు మాట ఎందుకన్నానంటే, మా వైపు ప్రతి కడుపునొప్పికీ మొదట పెట్టే పేరు అదే. "గ్యాసు పట్టేసిందండీ" అనుకుని వాము నమలడం, తగ్గకపోతే ఆముదం పట్టించడం, అప్పటికీ తగ్గకపోతే ఊళ్ళో ఎవరిచేతనో నొప్పి సూది వేయించుకోవడం, అదీ పనిచేయకపోతే మా దగ్గరికి రావడం. ఆముదం పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. వాచి ఉన్న పేగుకి విరోచనాల మందు పోస్తే ఏమవుతుంది? ఇక సూది వేయించుకుని వస్తే నొప్పి అణిగిపోయి డాక్టరు చేతికి ఏమీ దొరకదని మాకు నేర్పారు. అందుకని తిట్టేదాన్ని. మెల్లగా కాదు, వరండా అంతా వినేలా.

దివిసీమలో ఒకావిడ భర్తని రిక్షాలో తెచ్చింది. అతను మోకాళ్ళు ముడుచుకుని ఒకపక్కకి పడుకుని ఉన్నాడు.

"ఆముదం ఏమన్నా పట్టించావా?" అన్నాను.

"లేదమ్మగారూ, ఒట్టు."

అతని చొక్కా గుప్పున ఆముదం వాసన కొడుతోంది. ఆవిడ చేతిసంచిలో సీసా మూత కూడా కనబడుతోంది. అతన్ని బందరు పంపాం. ఆపరేషన్ అయి, చాలా రోజులు మంచాన పడి, ఎలాగో బతికాడు. తర్వాత ఆవిడ ఒక అరటిపళ్ళ అత్తం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "మీరు తిడతారని చెప్పలేదమ్మగారూ" అంది. ప్రాణం మీదకొచ్చినా అబద్ధమేనా అని అందుకూ తిట్టాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కొత్తగా వచ్చిన నర్సులకి ఈ కథ చెప్పి నవ్వించాను. జనానికి బుద్ధి లేదు అన్నదానికి అది నా ఉదాహరణ.

రిటైరయ్యాక బందరులోనే ఒక పోర్షన్ తీసుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోయారు. నాకు మిగిలింది మా అక్క ఒక్కతే. గుడివాడలో ఉండేది. బావగారు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ చేసేది.

"ఏమే, రాత్రి ఏం తిన్నావు? ఎన్నింటికి తిన్నావు? నిద్ర పట్టిందా? కడుపు ఖాళీ అయిందా?"

నాకు చిరాకేసేది. "నేను నర్సునే తల్లీ, ఈ ప్రశ్నలు నేను ఊరందరినీ అడిగేదాన్ని" అనేదాన్ని. "నిన్నెవరడుగుతారు మరి?" అనేది. మాటకి మాట అప్పజెప్పడంలో నాకంటే అదే గట్టిది. కిందటేడు ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మళ్ళీ లేవలేదు. ఆ రోజు పొద్దున్న ఫోన్లో, కూర వేగుతోంది తర్వాత చేస్తానని పెట్టేశాను. ఎనిమిదింటికి ఫోన్ మోగకపోతే ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. టీవీ పెద్దగా పెట్టుకుంటాను.

అది పోయిన పదకొండు నెలలకి నాకు నొప్పి వచ్చింది.

తెల్లారకముందే మెలకువ వచ్చేసింది. బొడ్డు చుట్టూ ఏదో పట్టేసినట్టుంది. ముప్పై ఏళ్ళు జనాన్ని ఏ మాటకి తిట్టానో, సరిగ్గా ఆ మాటే నా నోట్లోంచి వచ్చింది. గ్యాసు. వాము వేసి నీళ్ళు కాచుకుని తాగాను. ఉప్మా చేసుకున్నాను కానీ చూస్తేనే వికారం పుట్టి మూత పెట్టేశాను. ఎనిమిదింటికి టీవీ పెట్టుకున్నాను. తొమ్మిదింటికి ఒక వాంతి అయింది. ముందు నొప్పి, తర్వాత వాంతి. ఆ వరుస ఏమిటో నాకు తెలుసు. వాంతి ముందొచ్చి నొప్పి తర్వాత వస్తే తిండి తేడా చేసిందనుకోవచ్చు. తెలిసీ తెలియనట్టు బట్టలు మడతపెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి నొప్పి బొడ్డు వదిలి కుడివైపు కిందికి దిగింది. అప్పుడు నన్ను నేనే పరీక్ష చేసుకుందామని మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. చేతులు రుద్దుకున్నాను. ఎడమవైపు నుంచి మొదలుపెట్టాను. అప్పుడు పెద్ద సర్జన్ గారి మాట గుర్తొచ్చింది. కళ్ళు మొహం మీద ఉండాలి. ఎవరి కళ్ళు? గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. మెడ తిప్పి బీరువా అద్దంలో నా మొహం చూసుకుంటూ కుడివైపు నొక్కాను. లోపల ప్రాణం విలవిల్లాడింది. అద్దంలో మొహం మాత్రం అలాగే ఉంది. రోగి ముందు నర్సు మొహం మారకూడదని అన్నేళ్ళు దాన్ని నేనే అలా తయారుచేశాను. ఎంత బాగా తయారుచేశానో ఆ రోజే చూశాను. నా మీద నాకే జాలేసి కాసేపు ఏడ్చాను. ఏడిస్తే పొట్ట కదిలి ఇంకా నొప్పేసింది.

ఆ తర్వాత చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఫ్రిజ్ పైన డబ్బాలో నొప్పి ఇంజెక్షన్లు రెండు ఉంటాయి, వీధిలో ఎవరికైనా అవసరమొస్తుందని పెట్టుకున్నవి. ఒకటి తీసి నా తొడకి నేనే పొడుచుకున్నాను. అరగంటలో హాయిగా అయిపోయింది. ఆ హాయిని నమ్మకూడదని కూడా నాకు తెలుసు కాబట్టి ఆటో పిలిచాను. నేను పనిచేసిన ఆసుపత్రికి వెళ్ళలేదు. అక్కడందరూ నన్ను గుర్తుపడతారు. అందరి మీదా అరిచిన సిస్టరమ్మ ఎవరూ లేకుండా ఒక్కతే వచ్చి పడుకుందని చెప్పుకుంటారు. అందుకని నన్నెరగని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరు చిన్నపిల్ల. మొవ్వ అమ్మాయట, తర్వాత చెప్పింది. కుర్చీ దగ్గరికి లాక్కుని నింపాదిగా మొదలుపెట్టింది.

"రాత్రి ఏం తిన్నారండీ? ఎన్నింటికి తిన్నారు? నిద్ర పట్టిందా? మోషన్ అయిందా?"

పదకొండు నెలల తర్వాత ఆ ప్రశ్నలు ఒక మనిషి నన్ను అడుగుతోంది. సొరకాయ కూర, ఎనిమిదిన్నరకి, పట్టింది, కాలేదు అని వరసగా అప్పజెప్పాను.

"నొప్పికి మందులేమైనా వేసుకున్నారా?"

"లేదండీ."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఒట్టు ఒక్కటే వెయ్యలేదు.

"తోడు ఎవరొచ్చారు?"

"మా అక్క వస్తోందండీ. గుడివాడ నుంచి. బస్సెక్కింది."

ఇది ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎవరూ లేరని చెప్పడం కంటే చచ్చిపోయిన మనిషిని బస్సెక్కించడం నాకు సులువనిపించింది.

ఆ అమ్మాయి చేతులు రుద్దుకుంది. ఎడమవైపు నుంచే మొదలుపెట్టింది, నా మొహం వైపు చూస్తూ. ఎవరు నేర్పారో ఈ పిల్లకి అనుకున్నాను. ఆ చూపుకి నా మొహం తన అలవాటు ప్రకారం బిగుసుకుని కూర్చుంది. ఇంజెక్షన్ తన పని తను చేసింది. పొట్ట మెత్తగా ఉందనీ, కుడివైపు కొద్దిగా నొప్పి ఉన్నట్టుందనీ రాసుకుంది. జ్వరం చూస్తే లేదు. ఆ మందు జ్వరాన్ని కూడా దాస్తుంది మరి. రక్తం తీశారు, తెల్లకణాలు కాస్త ఎక్కువున్నాయి. స్కానింగ్ చేస్తే పేగుల్లో గాలి అడ్డమొచ్చి చూడవలసిన చోటు కనబడలేదన్నారు.

"గ్యాసని నేను అననండీ," అంది డాక్టరు. "కారణం ఇంకా తెలియని నొప్పి అంటాను. ఇప్పుడు చూస్తే తేలిగ్గానే ఉంది. ఇంటికి పంపిస్తాను కానీ ఒక్కరే ఉండకూడదు. మీ అక్కగారు రాగానే నన్ను పిలవండి. ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలో ఆవిడకి వివరంగా చెప్పాలి."

అలా నేను వరండాలో బల్ల మీద కూర్చుని మా అక్క కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను.

నవ్వొస్తుందేమో మీకు. నాకూ మొదట్లో వచ్చింది. నాలుగున్నరకి డాక్టరు అటువైపు వెళ్తూ ఆగింది.

"ఎక్కడిదాకా వచ్చారటండీ?"

"పామర్రు దాటిందటండీ."

ఆ మాట అంటుంటే నాకు నిజంగానే కనబడింది. కిటికీ పక్క సీటు, ఒళ్ళో గుడ్డ సంచి, అందులో నాకోసం ఏదో ఒక పచ్చడి సీసా. బస్సు కుదుపుకి మూత ఊడుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. వచ్చినప్పుడల్లా అంతే. ఎండలో మెడ మీద తడిగుడ్డ వేసుకునేది. అబద్ధమని తెలిసినా, ఆ కాసేపు నా మనసు కుదుటపడింది. ఎవరో నాకోసం దారిలో ఉన్నారు.

అయిదు దాటాక ఇంజెక్షన్ పట్టు వదలడం మొదలుపెట్టింది. మొదట కుడివైపు వేడిగా, తర్వాత పోటుగా. బల్ల మీద ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆ కదలికకే పోటు పొడుస్తోంది. పక్కన మంగినపూడి నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. కూతురికి కాన్పు నొప్పులట.

"ఒక్కదానివే ఉన్నావేంటమ్మా? మొహం అలా పాలిపోయిందేంటి?" అంది.

"మా అక్క వస్తోందండీ" అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆపరేషన్ పడితే పొట్ట ఖాళీగా ఉండాలని నాకు తెలుసు కాబట్టి తాగలేదు. అంటే నాకు అన్నీ తెలుసు. తెలిసి కూడా కూర్చున్నాను. అదీ నా తెలివి.

డాక్టరు మళ్ళీ వచ్చింది.

"ఇంకా రాలేదా అండీ?"

"గూడూరు వచ్చిందట."

గూడూరు దాటితే ఇంక బందరే. ఆ తర్వాత మా అక్క బస్సు దిగాలి, ఆటో ఎక్కాలి, ఈ మెట్లెక్కి రావాలి. నేను ఎంత నెమ్మదిగా నడిపినా ఆ బస్సుకి దారి అయిపోయింది. వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరెవరో వచ్చారు. ఎవరూ మా అక్క కాదు. అప్పుడు, పదకొండు నెలల్లో మొదటిసారి, అది ఇంక రాదని నాకు పూర్తిగా తెలిసింది. కర్మకాండ అంతా దగ్గరుండి చూసినదాన్ని, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని తెలుసుకున్నాను.

ఒక దగ్గు వచ్చింది. దగ్గగానే కుడివైపు కత్తి దింపినట్టయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను కానీ అరుపు ఆగలేదు.

డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చింది. లోపల పడుకోబెట్టారు. ఆ అమ్మాయి చెయ్యి వెయ్యబోతుంటే పట్టుకున్నాను.

"ఆగండి. మా అక్క రాదండీ. పోయి పదకొండు నెలలైంది. మధ్యాహ్నం నేనే నొప్పి ఇంజెక్షన్ వేసుకున్నాను. నేను నర్సుని. మీరు తిడతారని చెప్పలేదు."

చివరి మాట నోట్లోంచి వచ్చాక అది ఎవరి మాటో గుర్తొచ్చింది. అరటి అత్తం పట్టుకుని నా ముందు నిలబడ్డావిడ. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. ఆవిడలాగా నా తిట్లకి భయపడి ఎంతమంది ఏమేం దాచారో, ఎవరికి ఏమైందో, ఇప్పుడెవరిని అడగను?

తిట్టు కోసం కళ్ళు మూసుకున్నాను. ఆ అమ్మాయి తిట్టలేదు.

"ఏ మందు? ఎంత? ఎన్నింటికి?" అని మూడే అడిగి కాగితం మీద రాసుకుంది. తర్వాత నా భుజం మీద చెయ్యివేసి అంది, "నొప్పికి మందు వేసుకోవడం అంత పెద్ద తప్పేం కాదండీ. ఇప్పుడు మేమే ఇస్తున్నాం, పరీక్ష పూర్తవకముందే. మనిషిని బాధపెట్టి తెలుసుకోవాల్సిన పని లేదు. వేసుకున్నారని మాకు తెలిస్తే చాలు."

అన్నేళ్ళు నేను వరండా అదిరేలా తిట్టిన తప్పు ఇప్పుడు తప్పే కాదట. దాచడం ఒక్కటే తప్పట. ఆ దాచడం వాళ్ళకి నేర్పింది నేను.

ఆ అమ్మాయి మళ్ళీ చేతులు రుద్దుకుంది. "మీ మొహం నాకు వదిలెయ్యండి" అంది. వదిలేశాను. ఎడమవైపు నొక్కితే కుడివైపు పొడిచింది. కుడివైపు నొక్కి చెయ్యి తీసేస్తే ప్రాణం పోయినంత పనైంది. ఏడ్చాను, మూలిగాను, అమ్మా అన్నాను, అక్కా అన్నాను. ఇంక ఆ అమ్మాయికి స్కానింగ్‌తో పనిలేకపోయింది.

ఆపరేషన్ కాగితాల్లో బంధువు సంతకం అని ఒక గడి ఉంది. "మీరే పెట్టొచ్చండీ, మీకు తెలివి ఉందిగా" అంది. నాకు తెలివి ఉందన్న మాటకి నవ్వొచ్చింది, నవ్వితే నొప్పేసింది. నా సంతకం పెట్టి, బంధువు గడిలో అడ్డంగా గీత గీశాను. ఆ గీత గియ్యడానికి నాకు చాలాసేపు పట్టింది. మంగినపూడి ఆవిడ నా చెవి దిద్దులు, వాచీ కొంగున మూటకట్టుకుని తలుపుదాకా నడిచొచ్చింది. అపెండిక్స్ పగలబోతుండగా తీశారు. ఇంకాస్త ఆగి, మా అక్కని ఇంకో ఊరు తిప్పి తెచ్చి ఉంటే లోపలే పగిలేదని ఆపరేషన్ చేసిన సర్జన్ గారు తర్వాత అన్నారు. అక్క మాట ఆయనకెలా తెలిసిందో మరి.

మర్నాడు మెలకువ వచ్చేసరికి వార్డులో ఎండ పడుతోంది. పక్కబల్ల మీద నా దిద్దులూ వాచీ కాగితంలో చుట్టి ఉన్నాయి. వాచీ ఎనిమిది చూపిస్తోంది. ఆ అంకె చూడగానే అలవాటు చొప్పున రిమోట్ కోసం చెయ్యి చాచాను. టీవీ కూడా లేదు పెద్దగా పెట్టుకోవడానికి.

తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నట్టుంది, భుజాన సంచి ఉంది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నిద్ర పట్టిందా అండీ? గ్యాసు పోయిందా? దాహంగా ఉందా? నొప్పి ఎలా ఉంది?"

"మీరు ఇంటికి వెళ్ళిపోతున్నారేమో" అన్నాను.

"వెళ్తాను లెండి. ముందు చెప్పండి."

చెప్పాను. నిద్ర సరిగ్గా పట్టలేదని, గ్యాసు పోలేదని, దాహం వేస్తోందని, కుట్ల దగ్గర మండుతోందని, ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉందని. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. అన్నీ అయ్యేదాకా సంచి భుజం మీదే ఉంచుకుని వింది.